శామ్యూల్ జాన్సన్ – బుద్ధికి కావలి

కన్ను మసకబారితే మనిషి మరొకరి చూపును ఆశ్రయిస్తాడు. కాలు తడబడితే కర్రను పట్టుకుంటాడు. కాని తన బుద్ధే గతి తప్పుతున్నదేమో అన్న సందేహం కలిగినప్పుడు, ఆ సందేహాన్ని విచారించవలసింది కూడా ఆ బుద్ధే. తన తక్కెడ సరిగా తూగుతున్నదో లేదో తేల్చుకోవడానికి ఆ తక్కెడ తప్ప మరొకటి లేని వర్తకుని అవస్థ వంటిది అది. కఠోపనిషత్తు శరీరాన్ని రథంతోను, బుద్ధిని సారథితోను పోల్చింది. రథం విరిగితే దిగి నడవవచ్చు. సారథినే నమ్మలేని నాడు ప్రయాణం సాగేది ఎట్లా? ఈ ప్రశ్నను యాభై ఏళ్లకు పైగా లోలోపల మోస్తూ, ఆ యాభై ఏళ్లలోనే ఆంగ్లభాషకు ఒక మహానిఘంటువును, ఆంగ్లసాహిత్యానికి ఉత్తమ వ్యాసాలను, విమర్శను అందించిన మహాపండితుడు డాక్టర్ శామ్యూల్ జాన్సన్.

జాన్సన్ 1709 సెప్టెంబర్ 18న ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి మైకేల్ జాన్సన్ పుస్తక విక్రేత. తల్లి పేరు సారా. పసితనంలోనే శిశువుకు గండమాల వ్యాధి సోకింది. దాని ఫలితంగా ఎడమకంటి చూపు దాదాపుగా పోయింది. వినికిడి మందగించింది. ముఖం మీద, మెడ మీద మచ్చలు జీవితాంతం నిలిచిపోయాయి. రాజుగాని, రాణిగాని స్వహస్తంతో స్పృశిస్తే ఈ వ్యాధి నయమవుతుందని ఆనాటి ప్రజల విశ్వాసం. 1712లో తల్లి ఆ పసివాణ్ణి లండన్ నగరానికి తీసుకొనిపోయి ఆన్ రాణి చేత తాకించింది. వ్యాధి నయం కాలేదు గాని, ఆ సందర్భంలో లభించిన బంగారు బిళ్లను జాన్సన్ కడదాకా మెడలో ధరించాడు.

తండ్రి దుకాణంలోని పుస్తకాలే బాలుని తొలి విశ్వవిద్యాలయం. దొరికిన గ్రంథాన్నల్లా వరుసలేకుండా చదివేవాడు. చదివినదాన్ని మరచిపోయేవాడు కాదు. అయితే తండ్రి నుంచి పుస్తకాలతోపాటు మరొక వారసత్వం కూడా తనకు సంక్రమించిందని జాన్సన్ నమ్మాడు. మైకేల్ జాన్సన్ బలిష్ఠుడు, శ్రమజీవి. అయినా అకారణమైన దిగులు అప్పుడప్పుడు ఆయనను కమ్ముకొనేది. ఆ విషాదప్రకృతే తన రక్తంలోకి వచ్చిందనీ, అదే తన జీవితాన్నంతటినీ కలవరపెట్టిందనీ జాన్సన్ తరువాతి కాలంలో మిత్రులతో చెప్పుకొనేవాడు.

1728 అక్టోబరులో ఆయన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని పెంబ్రోక్ కళాశాలలో ప్రవేశించాడు. విద్యలో తోటివారిని మించినవాడే అయినా, పేదరికం అడుగడుగునా అడ్డుపడింది. ఆయన బూట్లు చిరిగి వేళ్లు బయటకు కనిపించేవి. ఎవరో జాలిపడి ఒక రాత్రి ఆయన గది తలుపు వద్ద కొత్త బూట్ల జతను ఉంచి వెళ్లారు. అభిమానధనుడైన ఆ యువకుడు వాటిని విసిరిపారవేశాడు. పదమూడు నెలలు గడిచేసరికి చేతిలో డబ్బు పూర్తిగా అడుగంటింది. 1729 డిసెంబరులో పట్టా లేకుండానే జాన్సన్ లిచ్‌ఫీల్డుకు తిరిగివచ్చాడు.

అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఏళ్లు. ఇంటర్మీడియట్ ముగించి పై చదువులలో అడుగుపెట్టిన విద్యార్థుల వయస్సు అది. ఆ వయస్సులోనే జాన్సన్‌ను తొలిసారిగా తీవ్రమైన మనోవ్యాధి ఆవరించింది. ఏ పనీ చేయబుద్ధి కాదు. ఏ ఆశా నిలవదు. చిరాకు, దిగులు, నిస్సత్తువ ఒకదాని వెంట ఒకటి వచ్చిపడేవి. పట్టణం నడిబొడ్డున ఉన్న గడియారం వైపు చూస్తూ కూర్చొని కూడా గంట ఎంతయిందో గ్రహించలేకపోయేవాడు. ఈ మాంద్యాన్ని వదిలించుకోవాలని ఆయన లిచ్‌ఫీల్డు నుంచి బర్మింగ్‌హామ్ వరకు నడిచిపోయి, మరల నడిచి వచ్చేవాడు. పోను రాను సుమారు ముప్పై మైళ్ల దూరం. కాళ్లు అలసేవి గాని మనస్సులోని బరువు దిగేది కాదు. తనకు పిచ్చి పడుతున్నదనీ, ఇది దాని తొలిదశ అనీ ఆయన నిశ్చయించుకొన్నాడు.

ఆ నిశ్చయంతో ఆయన చేసిన పని గమనింపదగినది. తన జ్ఞానపితరుడైన డాక్టర్ స్విన్‌ఫెన్ అనే వైద్యునికి తన వ్యాధి లక్షణాలను వివరిస్తూ లాటిన్ భాషలో ఒక లేఖ వ్రాశాడు. తనలో కలుగుతున్న మార్పులను ఒక వైద్యుడు రోగిని పరీక్షించినంత తేటగా, క్రమబద్ధంగా అందులో వర్ణించాడు. దానిని చదివిన స్విన్‌ఫెన్ ఆ యువకుని సూక్ష్మదృష్టికి, భాషాపటిమకు ఆశ్చర్యపోయాడు. ఆ మెప్పులో విచక్షణ కోల్పోయి, ఆ లేఖను పలువురికి చూపించాడు. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు. కాని ఒక వ్యక్తి ప్రాణభయంతో రహస్యంగా విప్పిన గుండెను నలుగురికీ ప్రదర్శించడం ఎంతటి ద్రోహమో ఆయన గ్రహించలేదు. జాన్సన్ మనస్సు గాయపడింది. ఆ వైద్యునితో ఆయనకు మునుపటి స్నేహం మరల ఏర్పడలేదు.

జాన్సన్ జీవితచరిత్రను 1791లో ప్రకటించిన జేమ్స్ బాస్వెల్ ఈ ఘట్టం వద్ద ఆగి ఒక మంచి మాట చెప్పాడు. మనస్సు కుంగిపోవడం వేరు, వివేకం నశించడం వేరు అని ఆయన అభిప్రాయం. తన వ్యాధిని అంత నిర్మలంగా వర్ణించగలిగినవాని వివేకం చెక్కుచెదరలేదనడానికి ఆ వర్ణనే నిదర్శనమని ఆయన వాదించాడు. తర్కానికి ఇది ఒప్పిదమే. కాని బాధపడేవానికి తర్కం ఒక్కటే చాలదు. జాన్సన్ దృష్టిలో ఆ రెండింటికీ నడుమ ఉన్న గీత చాలా సన్ననిది. ఊహ బుద్ధిని ఏమాత్రం మీరినా అది ఉన్మాదానికి తొలిమెట్టే అని ఆయన జీవితాంతం భావించాడు.

ఆ భయానికి కారణం లేకపోలేదు. ఆనాటి ఇంగ్లండులో మతి చలించినవారి స్థితి మిక్కిలి దయనీయంగా ఉండేది. లండన్‌లోని బెత్లెమ్ ఆసుపత్రిలో రోగులను గొలుసులతో బంధించేవారు. నగరవాసులు వినోదం కోసం వెళ్లి వారిని చూసి నవ్వుకొనేవారు. వచ్చినవారినల్లా లోపలికి అనుమతించే ఈ పద్ధతి 1770 వరకు కొనసాగింది. ప్రైవేటు వ్యక్తులు నడిపే పిచ్చాసుపత్రులపై అదుపు కల్పించే చట్టం 1774లోగాని రాలేదు. అటువంటి కాలంలో, తన బుద్ధి తప్ప మరే ఆస్తీ లేని ఒక పేద పండితునికి ఆ బుద్ధి పోతుందేమోనన్న తలంపు ఎంతటి భయంకరమైనదో ఊహించవచ్చు.

1735లో జాన్సన్ తనకంటే ఇరవై ఏళ్లు పెద్దదైన ఎలిజబెత్ పోర్టర్ అనే వితంతువును వివాహమాడాడు. ఒక పాఠశాలను స్థాపించాడు గాని అది నిలవలేదు. 1737లో తన శిష్యుడైన డేవిడ్ గారిక్‌ను వెంటబెట్టుకొని బ్రతుకుతెరువు కోసం లండన్ చేరాడు. ఆ శిష్యుడు కాలక్రమంలో ఇంగ్లండులోనే సుప్రసిద్ధ నటుడయ్యాడు. గురువు మాత్రం పత్రికలకు వ్యాసాలు వ్రాస్తూ చాలాకాలం దారిద్ర్యంలోనే గడిపాడు.

1746లో పుస్తక ప్రచురణకర్తలు కొందరు ఆయనతో ఆంగ్ల నిఘంటు నిర్మాణానికి ఒప్పందం చేసుకొన్నారు. పారితోషికం 1500 గినీలు. ఫ్రెంచి అకాడమీలోని నలభైమంది సభ్యులు నలభై ఏళ్లు శ్రమించి చేసిన పనికి సాటివచ్చే పనిని తాను మూడేళ్లలో ముగిస్తానని జాన్సన్ ధైర్యంగా పలికాడు. గాఫ్ స్క్వేర్‌లోని ఇంటి పై అంతస్తులో ఆరుగురు వ్రాయసగాండ్రను కూర్చోబెట్టుకొని పని ప్రారంభించాడు. మూడేళ్లు తొమ్మిదేళ్లయ్యాయి. నడుమ 1752లో భార్య మరణించింది. 1750 నుంచి 1752 వరకు వారానికి రెండు చొప్పున ‘రాంబ్లర్’ పత్రికకు రెండువందలకు పైగా వ్యాసాలు కూడా వ్రాశాడు. ఎట్టకేలకు 1755 ఏప్రిల్ 15న నిఘంటువు రెండు బృహత్సంపుటాలుగా వెలువడింది. నలభైవేలకు పైగా పదాలు, వాటి ప్రయోగాలకు లక్షకు పైగా ఉదాహరణలు అందులో ఉన్నాయి. పట్టా లేకుండా పంపిన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమే ఈ గ్రంథం వెలువడే సమయానికి ఆయనకు ఎం.ఏ. పట్టాను ప్రదానం చేసింది. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల 1765లో డాక్టరేటునిచ్చి గౌరవించింది.

లోకం పాండిత్యాన్ని మెచ్చుకొన్నా, ఆయన చేష్టలను చూసి విస్తుపోయేది. జాన్సన్ తల అదేపనిగా ఊగేది. భుజాలు ఎగిరేవి. నోటి నుంచి వింత శబ్దాలు వెలువడేవి. ద్వారం దాటేటప్పుడు అడుగులు లెక్కపెట్టేవాడు. లెక్క తప్పితే వెనుకకు వెళ్లి మరల నడిచి వచ్చేవాడు. ఇవి టూరెట్ లక్షణాలు కావచ్చునని ఇరవయ్యో శతాబ్ది వైద్యులు కొందరు ఊహించారు. ఆ వ్యాధిని టూరెట్ అనే ఫ్రెంచి వైద్యుడు 1885లో వర్ణించాడు. అంటే జాన్సన్ జీవించిన కాలంలో ఆ స్థితికి ఒక పేరు కూడా లేదు. పేరు లేని బాధకు లోకం పెట్టే పేరు పిచ్చి.

ఒకమారు ప్రసిద్ధ చిత్రకారుడు విలియం హోగార్త్ నవలాకారుడైన రిచర్డ్‌సన్ ఇంటికి వెళ్లాడు. కిటికీ వద్ద ఒక స్థూలకాయుడు తల ఊపుతూ, దేహాన్ని విచిత్రంగా కదిలిస్తూ నిలబడి ఉన్నాడు. బంధువులు సంరక్షణ కోసం అప్పగించిన మతిలేనివాడు కాబోలునని హోగార్త్ అనుకొన్నాడు. ఇంతలో ఆ వ్యక్తి ముందుకు వచ్చి, అప్పుడు సాగుతున్న రాజకీయ చర్చలో కలుగజేసుకొని, రెండవ జార్జి రాజు కాఠిన్యాన్ని అనర్గళంగా ఖండించాడు. ఆ వాగ్ధాటికి హోగార్త్ నిర్విణ్ణుడై, దైవమే ఆ మతిలేనివానిని ఆవహించి పలికించిందేమో అనుకొన్నాడట. ఇతరుల కళ్లకు తాను ఎట్లా కనిపిస్తున్నదీ జాన్సన్‌కు తెలియనిది కాదు. ఒక చిన్నపిల్ల, ఈ వింత చేష్టలెందుకని సూటిగా అడిగినప్పుడు, ఆయన కోపగించుకోలేదు. అది చెడ్డ అలవాటనీ, నీవు అటువంటి అలవాట్లు పడకుండా జాగ్రత్తపడమనీ ఆ పిల్లకు మృదువుగా బదులు చెప్పాడు.

ఆ పిల్ల క్రిస్టఫర్ స్మార్ట్ అనే కవికి మేనకోడలు. స్మార్ట్ జాన్సన్‌కు మిత్రుడు. దైవభక్తి పట్టరానిదై, నడివీధిలో మోకరిల్లి ప్రార్థన చేసేవాడు. తోటివారిని కూడా తనతో ప్రార్థించమనేవాడు. దీనిని ఉన్మాదంగా భావించి ఆయనను ఆసుపత్రిలో నిర్బంధించారు. జాన్సన్ అక్కడికి వెళ్లి మిత్రుణ్ణి చూసివచ్చాడు. స్మార్ట్ వల్ల సంఘానికి కీడేమీ లేదనీ, ఆయనను బంధించడం అనవసరమనీ, ఆయనతో కలిసి ప్రార్థించడానికి తనకు ఏ అభ్యంతరమూ లేదనీ అభిప్రాయపడ్డాడు. ఉన్మాదులను చూసి నవ్వే కాలంలో ఒక మనిషి వారి పక్షాన నిలబడ్డాడు. తానూ ఏదో ఒకనాడు ఆ గోడల లోపల ఉండవలసి వస్తుందేమోనన్న శంక ఆ కరుణకు మూలం కావచ్చు.

1759 జనవరిలో తల్లి మరణించింది. అంత్యక్రియల ఖర్చుల కోసం, చిన్న అప్పులు తీర్చడం కోసం జాన్సన్ ఒక వారం దినాల సాయంకాలాలలో ఒక కథాగ్రంథాన్ని వ్రాసి ముగించాడు. అదే ‘రాసెలాస్’. సుఖమెక్కడున్నదో వెదకుతూ లోకసంచారం చేసే అబిసీనియా రాజకుమారుని కథ అది. అందులో కైరో నగరానికి చెందిన ఒక ఖగోళ పండితుడున్నాడు. ఆయన విద్వాంసుడు, సజ్జనుడు. కాని ఏకాంతంలో ఏళ్ల తరబడి నక్షత్రాలను పరిశీలించి పరిశీలించి, ఎండవానలు, ఋతువులు తన ఆజ్ఞకు లోబడి నడుస్తున్నాయని నమ్మసాగాడు. లోకానికి న్యాయంగా వానలు పంచే బాధ్యత తన భుజాలపై ఉన్నదని ఆయన వేదన.

ఈ సంగతిని ఇమ్లాక్ అనే జ్ఞాని రాజకుమారునికి, రాజకుమారికి, ఆమె చెలికత్తెకు చెప్పినప్పుడు రాజకుమారి చిరునవ్వు నవ్వింది. చెలికత్తె పగలబడి నవ్వింది. ఇమ్లాక్ వారిని మందలిస్తాడు. అది నవ్వదగినది కాదనీ, బుద్ధి ఎంతకాలం నిలుస్తుందో తెలియకపోవడమే మానవుని అనిశ్చితులన్నింటిలోకి భయంకరమైనదనీ బోధిస్తాడు. ఊహ ఎప్పుడో ఒకప్పుడు బుద్ధిపై పెత్తనం చేయని మనిషి ఎవడూ లేడని కూడా ఆయన వివరిస్తాడు. ఆ పండితుని స్వస్థపరచింది వాదం కాదు, మందూ కాదు. రాజకుమారి, ఆమె చెలికత్తె ఆయనతో స్నేహం చేశారు. వారి సంభాషణలో కాలం గడిపిన కొద్దీ ఆయన భ్రమ పొగమంచువలె పలచబడింది. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం అది మరల తలెత్తేది. దానితో వాదానికి కూర్చోక, వెంటనే పనిలోకో స్నేహితుల చెంతకో పొమ్మని ఇమ్లాక్ ఆయనకు ఉపాయం చెప్పాడు. తన గుండెలోని భయాన్నే జాన్సన్ కైరో పండితుని పేరుతో లోకం ముందు ఉంచాడనుకోవడంలో తప్పులేదు.

మరి ఏడేళ్లకు రచయితకే ఆ చికిత్స అవసరమైంది. 1762లో ప్రభుత్వం ఏటా 300 పౌండ్ల భృతి మంజూరు చేసింది. దారిద్ర్యం తీరింది. 1765లో షేక్‌స్పియర్ నాటకాల పరిష్కరణ వెలువడింది. కీర్తికి కొదవ లేదు. అయినా 1766లో పాతవ్యాధి తిరగబెట్టింది. వారాల తరబడి జాన్సన్ గది విడిచి బయటకు రాలేదు. ఒక ఉదయం ఆయన మిత్రులైన హెన్రీ థ్రేల్, హెస్టర్ థ్రేల్ దంపతులు చూడవచ్చారు. ఆ సమయంలో జాన్సన్ డెలాప్ అనే మతాచార్యుని ఎదుట, తన బుద్ధి చెడకుండా దేవుణ్ణి ప్రార్థించమని దీనంగా వేడుకొంటున్నాడు. తనను తాను నిందించుకొంటూ ఎంత తీవ్రమైన మాటలు పలికాడంటే, హెన్రీ థ్రేల్ అప్రయత్నంగా చేయి చాచి ఆయన నోటిని మూయబోయాడు. అవి పరుల చెవిన పడరాని మాటలని ఆయన గ్రహించాడు. ముప్పై ఏడేళ్ల క్రితం స్విన్‌ఫెన్ గ్రహించలేకపోయినది అదే.

థ్రేల్ దంపతులు జాన్సన్‌ను లండన్ సమీపంలోని స్ట్రెథమ్ గ్రామంలో ఉన్న తమ ఇంటికి తీసుకొనిపోయారు. హెన్రీ థ్రేల్ బీరు కర్మాగారం యజమాని, సంపన్నుడు. ఆయన భార్య హెస్టర్ విదుషి. ఆమె కొన్ని నెలలపాటు ఆయనకు వేళకు భోజనం, విశ్రాంతి, సంభాషణ సమకూర్చింది. జాన్సన్ క్రమంగా కోలుకొన్నాడు. తరువాత పదహారేళ్లకు పైగా ఆ ఇంట్లో ఆయనకంటూ ఒక గది ఉండేది. రాత్రి ఎంత ప్రొద్దుపోయినా ఆయన నిద్రకు పోయేవాడు కాదు. ఏకాంతమంటే ఆయనకు భయం. హెస్టర్ తెల్లవారుజాము దాకా టీ పోస్తూ ఎదుట కూర్చొని మాట్లాడేది.

ఆమెకు జాన్సన్ తన రహస్యాన్ని అప్పగించాడు. తన మతి చలిస్తుందేమోనన్న భయం ఎంతకాలంగా తనను వెంటాడుతున్నదో ఆమెకు మాత్రమే పూర్తిగా తెలుసు. 1768లో ఆయన ఆమె చేతికి ఒక తాళంకప్పను కూడా ఇచ్చాడు. దాని ప్రయోజనం విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. వ్యాధి ముదిరితే తనను గదిలో ఉంచి తాళం వేయడానికే ఇచ్చి ఉంటాడని కొందరి ఊహ. ఆయన జీవించి ఉన్నంతకాలం ఆ రహస్యం ఆమె వద్ద భద్రంగా ఉన్నది.

ఈ భయంతో జాన్సన్ చేసిన పోరాటంలో ఆయుధాలు చాలా సామాన్యమైనవి. ఊహలు అదుపు తప్పుతున్నాయనిపించినప్పుడు ఆయన కాగితం తీసుకొని లెక్కలు వేసేవాడు. ఒకమారు ఇంగ్లండు దేశపు ఋణం 180 మిలియన్ పౌండ్లని తీసుకొని, అంత సొమ్మును వెండిగా మారిస్తే ఆ వెండితో భూగోళం చుట్టూ పట్టీ వేయవచ్చునని గణించి హెస్టర్‌కు చూపించాడు. లెక్కలో ఊహకు చోటు లేదు. తప్పైతే తప్పు, ఒప్పైతే ఒప్పు. వార్ధక్యం సమీపించిన తరువాత, జబ్బు వల్ల తన మేధాశక్తి తగ్గిందేమోనన్న అనుమానం కలిగి, డచ్చి భాషను నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆ భాషలో థామస్ ఎ కెంపిస్ గ్రంథాన్ని సగం వరకు చదివి, నేర్చుకొనే శక్తి తగ్గలేదని రూఢి చేసుకొన్న తరువాత ఆ చదువును మానివేశాడు.

రెండవ ఆయుధం మనుషులు. జాన్సన్ ఇల్లు నిరాశ్రయులకు నిలయం. అంధురాలైన అన్నా విలియమ్స్, పేదలకు వైద్యం చేసే రాబర్ట్ లెవెట్, జమైకాలో బానిసగా పుట్టిన ఫ్రాన్సిస్ బార్బర్ ఆ ఇంట్లో ఉండేవారు. తమలో తాము నిత్యం కలహించుకొన్నా, ఆయన వారెవరినీ వెళ్లగొట్టలేదు. ఆ ఆశ్రితులలో డెస్‌మౌలిన్స్ అనే వృద్ధురాలొకతె ఉండేది. ఆమె మరెవరో కాదు, యౌవనంలో ఆయన రహస్యాన్ని బయటపెట్టిన డాక్టర్ స్విన్‌ఫెన్ కుమార్తె. తండ్రి చేసిన గాయాన్ని మరువలేకపోయినా, కుమార్తె ఆకలిగొనివస్తే జాన్సన్ తలుపు మూయలేదు.

తన అనుభవసారాన్ని ఆయన బాస్వెల్‌కు కూడా పంచిపెట్టాడు. బాస్వెల్ కూడా తరచు దిగులుతో బాధపడేవాడే. ఊరక ఉండవలసి వస్తే ఒంటరిగా ఉండవద్దనీ, ఒంటరిగా ఉండవలసి వస్తే ఊరక ఉండవద్దనీ జాన్సన్ 1779లో ఆయనకు లేఖ వ్రాశాడు. రాబర్ట్ బర్టన్ అనే పూర్వ రచయిత చెప్పిన హితవును ఆయన తన అనుభవంతో సవరించి చెప్పిన మాట అది.

జీవితమంతా ఎదురుచూసి భయపడిన పరీక్ష 1783 జూన్ 17న వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు డెబ్బై మూడేళ్లు. ముందు రోజు చిత్రపటం కోసం కూర్చొని, చాలా దూరం నడిచి, సుఖంగానే నిద్రించాడు. తెల్లవారుజామున మూడు గంటల వేళ మెలకువ వచ్చింది. లేచి కూర్చొన్నాడు. తల లోపల ఏదో గందరగోళం, అయోమయం సుమారు అరనిమిషం పాటు కలిగింది. ఇరవయ్యవ ఏట మొదలైన భయం ఆ చీకటిలో నిజమై ఎదుట నిలిచినట్లయింది. దేహాన్ని ఎట్లా బాధించినా సరే, బుద్ధిని మాత్రం విడిచిపెట్టమని ఆయన దేవుణ్ణి ప్రార్థించాడు. ఆ ప్రార్థనను మామూలు మాటలలో చేయలేదు. బుద్ధి సక్రమంగా పనిచేస్తున్నదో లేదో పరీక్షించుకోవడం కోసం లాటిన్ పద్యాలుగా కూర్చాడు.

పద్యాలు పూర్తయ్యాయి. అవి అంత బాగా లేవు. బాగా లేవన్న సంగతి ఆయనకు తెలుస్తూనే ఉన్నది. మంచి పద్యానికి, చెడ్డ పద్యానికి భేదం తెలుసుకోగలిగిన వివేకం తనలో మిగిలి ఉన్నది కనుక బుద్ధి చెడలేదని ఆయన తీర్మానించుకొన్నాడు. కొంతసేపటికి మాట పడిపోయిందని గ్రహించాడు. అది పక్షవాతం. మాట వస్తుందేమోనని కొంచెం ద్రాక్షసారాయం త్రాగి చూశాడు. ఫలితం లేకపోయింది. ఆశ్చర్యమేమంటే ఆయన కలత చెందలేదు. తన నిర్లిప్తతకు తానే ఆశ్చర్యపడి, పడుకొని నిద్రపోయాడు. తెల్లవారిన తరువాత పనివాని చేతికి చీటీ వ్రాసి ఇచ్చాడు. యజమాని నోటితో చెప్పక చీటీ ఎందుకిస్తున్నాడో ఆ పనివానికి వెంటనే అర్థం కాలేదు. పొరుగున ఉన్న మిత్రునికి, వైద్యులకు కబుర్లు వెళ్లాయి. కొద్దిదినాలలో మాట మెల్లమెల్లగా తిరిగివచ్చింది. ఆ రాత్రి రథం ఒరిగింది గాని సారథి పగ్గాలు విడువలేదు.

1784 డిసెంబర్ 13న జాన్సన్ కన్నుమూశాడు. ఇక కోలుకోలేనని తెలిసిన తరువాత, మత్తు కలిగించే నల్లమందును నిరాకరించాడు. తేటపడిన బుద్ధితోనే భగవంతుని సన్నిధికి చేరాలన్నది ఆయన కోరిక. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఆయనను సమాధి చేశారు. నిఘంటువు రూపొందిన గాఫ్ స్క్వేర్ ఇల్లు నేడు స్మారక మందిరంగా సందర్శకులను ఆహ్వానిస్తున్నది.

జాన్సన్ భయపడినట్లు ఆయన బుద్ధి ఏనాడూ నశించలేదు. అయితే ఆయన బాధ కల్పితమూ కాదు. ఆనాటి వైద్యం ఆయనకు ఇవ్వలేకపోయిన సహాయం ఈనాడు ఎందరికో అందుబాటులో ఉన్నది. మనస్సు కుంగినవాడు వైద్యుని వద్దకు పోవడం, జ్వరం వచ్చినవాడు పోవడం వంటిదే. దానిలో సిగ్గుపడవలసినది లేదు. ఆయన జీవితం వినేవారికి కూడా ఒక బాధ్యతను గుర్తుచేస్తుంది. ఇరవయ్యవ ఏట తన భయాన్ని చెప్పుకొన్నప్పుడు దానిని విన్నవాడు ఆ లేఖలోని పాండిత్యాన్ని చూశాడే గాని, వ్రాసిన మనిషిని చూడలేదు. యాభై ఏడవ ఏట విన్నవారు ముందుగా ఆయన నోటిని మూయబోయి, ఆపైన ఇంటికి తీసుకొనిపోయి అన్నం పెట్టారు. ఈ రెండు వినికిడులకు నడుమ ఉన్న దూరమే ఆయన జీవితాన్ని నిలబెట్టింది.